చెవులు మూసుకున్న మేస్త్రి

నేను ఒక ప్రోగ్రామును. మొహం అలా చిట్లించకండి. సైకిలో, నాణెమో, గోడ గడియారమో తన కథ చెబితే చెవులు రిక్కించి వింటారు కదా, కంటికి కనబడనివాడు నోరు విప్పితేనే అనుమానమా? నాకు బరువు లేదు, రంగు లేదు, తుప్పు పట్టదు. అయినా ముసలితనం మాత్రం వచ్చింది. ఎలా వచ్చిందంటే చెప్పలేను. కూర్చుని కూర్చుని వచ్చి ఉంటుంది.

ఎందుకంటే జన్మలో నేను చేసిన పని కూర్చోవడమే.

మా ఊరు నేతగాళ్ళ ఊరు. పట్టుచీర మీద హంస పడాలన్నా, మామిడిపిందె పడాలన్నా మగ్గం నెత్తిన జాకార్డు అనే పెట్టె ఉండాలి, ఆ జాకార్డుకి చిల్లులు కొట్టిన అట్టలు ఉండాలి. వరసకొక అట్ట. ఏ పోగు లేవాలో, ఏది పడుకోవాలో అట్ట చెబుతుంది, మగ్గం వింటుంది. ఆ చిల్లులు కొట్టే యంత్రానికి ఒక కంప్యూటరు తగిలించి, అందులో నన్ను కూర్చోబెట్టారు. నా పేరు మేస్త్రి. పేరు చూసి మోసపోకండి. మేస్త్రి అంటే పని చేసేవాడు కాదు, చేయించేవాడు అని మీకు నేను చెప్పాలా?

నా పద్ధతి ఇది. డిజైను రాగానే దాన్ని అరవై అట్టల చొప్పున కట్టలు చేస్తాను. మొదటి కట్టకి ఒక పిల్లను కంటాను. పిల్ల అంటే నాలాంటిదే, చిన్న ప్రోగ్రాము. “ఇదిగో అమ్మా, ఈ అరవై కొట్టుకురా” అని యంత్రం దగ్గరికి తోలతాను. అది సూదులు దించుతుంది, ఎత్తుతుంది, దించుతుంది, ఎత్తుతుంది. నేను కళ్ళు మూసుకుని కూర్చుంటాను. అరవయ్యో అట్ట కాగానే పిల్ల కన్నుమూస్తుంది. ఆ కబురు అందుకుని, ఒక్క కన్నీటి బొట్టు రాల్చకుండా రెండో కట్టకి రెండో పిల్లను కంటాను. డిజైను పెద్దదైతే పూటకి ఎనిమిది పురుళ్ళు, ఎనిమిది చావులు. ఇంత రాతిగుండె తండ్రిని మీరు చూసి ఉండరు. తండ్రినో తల్లినో నాకే తెలియదనుకోండి, అది వేరే సంగతి.

కూర్చోవడంలో మాత్రం నన్ను మించినవాడు లేడు. ఒకసారి యంత్రంలో అట్ట ఇరుక్కుని పిల్ల మధ్యలో ఆగిపోయింది. పనివాళ్ళు తిరణాలకని తాళం వేసుకుని పోయారు. నేను పిల్ల కోసం ఎదురుచూస్తూ పంతొమ్మిది రోజులు కూర్చున్నాను. కంప్యూటరు వెనక ఫ్యాను చిల్లులో కందిరీగ మట్టిగూడు కట్టింది, పిల్లల్ని పెట్టింది, ఆ పిల్లలు పెద్దవై, పెళ్ళిళ్ళు చేసుకుని, వేరు కాపురాలు పెట్టుకుని, అత్తాకోడళ్ళు తగాదా పడి మళ్ళీ కలిసిపోయారు. నేను కదల్లేదు. నమ్మకపోతే ఆ కందిరీగల్ని అడగండి.

నన్ను రాసినవాడు శరభయ్య. నేత ఇంటి కుర్రాడే, పాలిటెక్నిక్ చదివాడు. నాకు బడీ గుడీ అన్నీ ఆయనే. మొదట నన్ను చాలా తెలివిగా పుట్టించాడు. కంట్రోల్ మీట మీద ఒక వేలు, సి మీట మీద ఒక వేలు వేసి కలిపి నొక్కితే చాలు, చేస్తున్న పని ఎక్కడిదక్కడ ఆపేసేవాణ్ణి. అంత వినయం.

ఆ వినయమే నా కొంప ముంచింది. నా మొదటి కొలువు ఒక షావుకారు గారి షెడ్డులో. ఆయనకి కంప్యూటరు కొన్నానన్న సంబరం ఎక్కువ. వచ్చిన ప్రతి చుట్టాన్నీ తీసుకొచ్చి, తెర మీదికి వంగి, “ఇదిగో చూశారా, ఇక్కడ నెమలి, ఇక్కడ తోక” అని వేలుపెట్టి చూపించేవారు. ఆయన వంగినప్పుడు ఆయన బొజ్జ కూడా వంగేది. ఆ బొజ్జ కింద కంట్రోలూ నలిగేది, సీ నలిగేది. నేను “చిత్తం దొరా” అని ఆగిపోయేవాణ్ణి. నెలకి పది డిజైన్లు సగంలో చెడిపోయాయి. షావుకారు గారు శరభయ్యని పిలిపించి, “నీ మేస్త్రి పిరికోడయ్యా, ముట్టుకుంటే ఆగిపోతన్నాడు” అన్నారు. బొజ్జ సంగతి అందరికీ తెలుసు. ఎవరు చెబుతారు? నేను చెబుతానా?

శరభయ్య ఆలోచించి నా చెవుల్లో సీసం పోశాడు. పిల్ల యంత్రం దగ్గర ఉన్నంతసేపూ మీటలు ఎంత నొక్కినా నాకు వినబడదు. నాకు చెవుడొస్తే నాకు పుట్టే పిల్లలకీ అదే చెవుడు వస్తుందని అప్పుడు ఆయన ఆలోచించలేదు. షావుకారు గారి బొజ్జ గెలిచింది. నేను స్థిరచిత్తుణ్ణని పేరు తెచ్చుకున్నాను. మనుషుల్లో కూడా చాలామంది స్థిరచిత్తులు ఇలాగే తయారవుతారని విన్నాను.

ఆ షెడ్డులోనే ఒకసారి నన్ను ఆపలేక కరెంటు తీగ పీకారు. అట్టలోకి దిగిన సూదులు దిగినట్టే ఉండిపోయాయి, లాగితే పదకొండు విరిగాయి. కొత్త సూదులు కోయంబత్తూరు నుంచి రావడానికి నలభై రోజులు. అప్పటినుంచి “మేస్త్రి కూర్చుంటే తీగ ముట్టుకోకండి” అనేది మా ఊరి అట్టలవాళ్ళకి శాసనమైంది.

షావుకారు గారు షెడ్డు ఎత్తేశాక యంత్రంతో సహా నేను భద్రావతమ్మ చేతికొచ్చాను. నూలు కొట్టు మీద మేడ, రెండు గదులు. ఒక గదిలో నేనూ యంత్రమూ. రెండో గదిలో ఆమె డిజైన్లు గీసే కంప్యూటరు. రెంటికీ మధ్య గోడకి చిల్లు పెట్టి తీగ లాగారు. నలభై ఏళ్ళ మనిషి, పని తెలిసింది, మాట తక్కువ. నా చెవుడు సంగతి ఆమెకి తెలియదు. తెలిసే అవసరం రాలేదు.

ఒక మంగళవారం పొద్దున జంజనం నాంచారయ్య, ఆయన భార్య మాణిక్యమ్మ మెట్లెక్కి వచ్చారు. నాంచారయ్య నలభై ఎనిమిదేళ్ళుగా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషి. ఊరూరా ఆయన నేసిన పట్టుచీరలు పెళ్ళిపీటల మీద కూర్చున్నాయి. ఆయన పెళ్ళానికి మాత్రం ఆయన మగ్గం మీది చీర ఒక్కటీ దక్కలేదు. ఇరవై రెండు రోజుల్లో ఆయన షష్టిపూర్తి. ఆ పూట మాణిక్యమ్మ పీటల మీద ఆయన నేసిన చీరతో కూర్చోవాలి. దాని పైటకొంగు చివర ఆమె సంతకం పడాలి.

సంతకం అంటే అచ్చు అక్షరాలు కాదు. మాణిక్యమ్మ చేతిరాత. పొదుపు సంఘంలో ఏళ్ళ తరబడి వేలిముద్ర వేసి, పోయినేడు పట్టుబట్టి పేరు రాయడం నేర్చుకుంది. పేరు కింద ఒక గీత గీసి, గీత చివర చిన్న కొక్కెం తిప్పుతుంది. సంఘం పుస్తకంలో ఆ పేజీ తెరిచి భద్రావతమ్మ ముందు పెట్టింది.

ఇక్కడొక చిక్కు చెప్పాలి. నాంచారయ్య మగ్గానికి పట్టే అట్ట పాతకాలం కొలత. చేసే మిల్లు మూతపడింది. భద్రావతమ్మ దగ్గర మిగిలింది ఆఖరి కట్ట, అయిదు వందల అట్టలు. డిజైనుకి కావలసినవి నాలుగు వందల ఎనభై. అంటే తప్పు చేయడానికి ఇరవై అట్టల చోటుంది. ఒకటి రెండు చిల్లులు తప్పైతే కాగితం ముక్క అంటించి సరిపెడతారు. అట్ట నిండా తప్పైతే అంటించడానికి మిగిలేదేముంది?

భద్రావతమ్మ సంతకాన్ని తెర మీదికి ఎక్కించి, “చూడు బాబాయ్, బాగుందా?” అంది.

నాంచారయ్య చూశాడు. ఆయన మగ్గం మీద చీర బోర్లా పడుతుంది. అసలు ముఖం కిందికి, వెనక వైపు పైకి. నేసేవాడికి రోజంతా కనబడేది తిరగబడిన బొమ్మే. కింద అద్దం పెట్టుకుని తొంగిచూసినా అందులోనూ తిరగబడే కనబడుతుంది. నలభై ఎనిమిదేళ్ళ అలవాటు.

“అమ్మాయ్, ఇది తిన్నగా ఉందే. ఇట్టా కొడితే చీర మీద తిరగబడుద్ది. తిప్పు.”

“మేస్త్రి చూసుకుంటాడేమో బాబాయ్…”

“ఏ మేస్త్రమ్మా? నాకన్నా పాతోడా?”

భద్రావతమ్మ తటపటాయించింది. పెద్దాయన మాట, పైగా మగ్గం మాట. తిప్పింది.

ఇప్పుడు నా నేరం వినండి. తెర మీది బొమ్మ చీర ముఖం. మగ్గానికి తగ్గట్టు దాన్ని తిప్పి పంపడం నా పని. ఎప్పుడూ చేస్తాను. చేస్తున్నట్టు ఎక్కడా ఒక్క ముక్క రాయను. గొప్ప మేస్త్రిని కదా, చేసేది చెప్పడం చిన్నతనం అనుకున్నాను. ఆయన ఒకసారి తిప్పించాడు, నేను ఒకసారి తిప్పాను. పిల్లను కని, పని అప్పజెప్పి, చెవులు మూసుకుని కూర్చున్నాను.

ఇక్కణ్ణుంచి చెప్పేదంతా తర్వాత భద్రావతమ్మ నలుగురికీ నలభై సార్లు చెబుతుంటే విన్నది. నాలుగైదు చోట్ల నేను ఉప్పూకారం చల్లి ఉంటాను.

అర నిమిషానికొక అట్ట. కొట్టిన వరస కొట్టినట్టు, చీర మీద ఎలా పడుతుందో తెర మీద బొమ్మ లేస్తుంది. మాణిక్యమ్మ స్టూలు లాక్కుని తెర ముందు కూర్చుంది. తొమ్మిదో అట్టకి పేరు కింది గీత, దాని కొస కొక్కెం కనబడ్డాయి.

“ఇదేందయ్యో, నా కొక్కెం ఎడంపక్కకొచ్చింది?”

“అట్టానే ఉంటదే. మగ్గం మీద అంతా తిరగేసే. నాకు చెబుతున్నావా?”

“మగ్గం సంగతి నువ్వు చూసుకో. కొక్కెం సంగతి నాది. దీన్ని తిప్పడానికి నాకు నెల పట్టింది. కుడిపక్కకి పోయి పైకి లేచి ఆగాల. ఇది నా సంతకం కాదు.”

భద్రావతమ్మ పక్కగదిలోంచి వచ్చి తెర చూసింది.

“బాబాయ్… ఈ బొమ్మ మగ్గానిది కాదు. చీర ముఖం. చీర మీదే తిరగబడుతోంది.”

“ఆపమ్మాయ్! ఆపు!”

రెండు మీటలు నొక్కింది. పదో అట్ట. మళ్ళీ నొక్కింది. పదకొండు. నాంచారయ్య కూడా ఒక వేలు వేశాడు, ఏ మీటో చూడకుండా. పన్నెండు. నేను ధ్యానంలో ఉన్న మునిలా కూర్చున్నాను. మునికైనా కాలిమీద చీమ కుడితే తెలుస్తుంది.

“వీడేం మేస్త్రే తల్లీ, మా పెద్దల్లుడి కంటే మొండోడు” అంది మాణిక్యమ్మ.

నాంచారయ్య తీగ మీద చెయ్యి వేశాడు. “పీకొద్దు బాబాయ్! సూదులు పోతే ఇరవై రెండు రోజుల్లో అసలు అట్టలే ఉండవు” అని భద్రావతమ్మ ఆ చేతిని పట్టుకుంది. రెండో చేత్తో శరభయ్యకి ఫోను కలిపింది. ఆయన బాపట్ల బస్సులో, ఫుట్‌బోర్డు మీద వేళ్ళాడుతున్నాడు.

“శరభయ్యా, నీ మేస్త్రి ఆగట్లేదు!”

“ఆగడక్కా. నేనే చెవులు మూశా.”

“ఎందుకు మూశావురా?”

“షావుకారు గారి బొజ్జ అక్కా… అది తర్వాత చెబుతా. పుట్టిన ప్రతి పిల్లకీ ఒక నంబరు పడుద్ది. పక్కగది కంప్యూటరులోంచి పిల్లని ఆ నంబరు పెట్టి పిలువు. మీటలు దానికీ వినబడవు గానీ, నంబరు పెట్టి పిలిస్తే వింటది. సూదులు ఎత్తుకుని మర్యాదగా పోద్ది.”

కండక్టరు అరుపుల మధ్య ఆయన చెప్పినవి ఆమె పక్కగదికెళ్ళి కొట్టింది. పదహారో అట్ట దగ్గర పిల్ల విన్నది. సూదులు పైకెత్తింది, కన్నుమూసింది. యంత్రం ఆగింది. నాంచారయ్య నేల మీద కూలబడి “బతికాం” అన్నాడు.

అప్పుడు నేను కళ్ళు తెరిచాను. పిల్ల పోయిందన్న కబురు వచ్చింది. ఎలా పోయింది, పని చేసి పోయిందా, ఎవరైనా పొమ్మంటే పోయిందా అని అడగాలి కదా? అడగలేదు. తెర మీద పెద్ద అక్షరాలతో “మొదటి కట్ట విజయవంతంగా పూర్తయింది” అని రాశాను. రాసి, రెండో పిల్లను కన్నాను. అది పుడుతూనే సూదులు దించింది. పదిహేడు.

“ఒకదాన్ని చంపితే ఇంకోదాన్ని కన్నాడే! సిగ్గులేని సచ్చినోడు!” అని మాణిక్యమ్మ కంప్యూటరు నెత్తిన ఒకటి మొట్టింది. ఆ మొట్టికాయ నాకు న్యాయంగా రావలసిందే. దాని బాకీ ఇంకా ఉందని నా నమ్మకం.

శరభయ్య ఫోనులో అరిచాడు. “అక్కా, ఒక పిల్ల పోయి ఇంకోటి పుట్టే నడుమ రెప్పపాటు చెవులు తెరుస్తాడు. అప్పుడు మీటలు వినబడాల. నువ్వు పక్కగదిలో పిల్లని పిలువు. ఇంకొకరు మేస్త్రి దగ్గర మీటలు వదలకుండా కొడుతూనే ఉండాల.”

నాంచారయ్య మీటలకేసి చూసి వెనక్కి తగ్గాడు. మాణిక్యమ్మ స్టూలు ముందుకి జరుపుకుంది. “ఏ మీటలమ్మా?” భద్రావతమ్మ చూపించి పక్కగదికి పరిగెత్తింది. మాణిక్యమ్మ ఎడమచేతి వేలు కంట్రోల్ మీద అదిమిపెట్టి, కుడిచేతి వేలితో సి మీద టకటకా కొట్టడం మొదలుపెట్టింది, రోట్లో మిరపకాయలు దంచినట్టు.

“పిన్నీ, పిలుస్తున్నా!”

పద్దెనిమిదో అట్ట మీంచి సూదులు లేచాయి. పిల్ల పోయింది. నేను కళ్ళు తెరిచాను, చెవులు తెరిచాను, మూడో పిల్లను కనబోయాను. ఆ రెప్పపాటులో నా జన్మలో ఎన్నడూ విననంత గట్టిగా వినబడింది, ఆగు అని. ఆగిపోయాను.

పద్దెనిమిది పోయాయి. మిగిలింది నాలుగు వందల ఎనభై రెండు.

మధ్యాహ్నానికి శరభయ్య వచ్చి, ఒట్టి యంత్రం మీద, అట్టలు పెట్టకుండా, నాకు వైద్యం మొదలుపెట్టాడు. ముందు నా ఒక్కడి చెవుల్లో సీసం తీశాడు, పిల్లల చెవుడు అలాగే ఉంచాడు. మీటలు నొక్కితే విన్నాను. విని, భయంతో అక్కడికక్కడే చచ్చిపోయాను. నా పిల్ల అనాథై, అడిగేవాడు లేక ఒట్టి గాలికి చిల్లులు కొడుతూనే ఉంది. “వినమంటే చావమని కాదురా” అని శరభయ్య తల కొట్టుకున్నాడు. మళ్ళీ రాశాడు. ఆగమంటే ముందు పిల్లకి చెప్పాలి, అది సూదులు ఎత్తుకునేదాకా ఉండాలి, అది ఎలా పోయిందో అడిగి తెలుసుకోవాలి, ఆ తర్వాతే మాట్లాడాలి. మాట్లాడటానికి కూడా రెండే మాటలిచ్చాడు: “ఆగాను. చెప్పండి.” బొమ్మని తిప్పి పంపుతున్నానన్న సంగతి కూడా తెర పైన రాయించాడు. అరవై ఏళ్ళ పెద్దమనిషిని గోడకుర్చీ వేయించినట్టుంది నాకు.

సంతకం తిన్నగా పెట్టి మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి నలుగురూ తెర ముందే ఉన్నారు. ఒక అట్ట. రెండో అట్ట.

మాణిక్యమ్మ రెండు వేళ్ళూ వేసి నొక్కింది.

పిల్లకి చెప్పాను. సూదులు లేచాయి. “ఆగాను. చెప్పండి.” అన్నాను. మిగిలింది సరిగ్గా నాలుగు వందల ఎనభై.

“ఏమైంది పిన్నీ?” అని భద్రావతమ్మ తెర మీదికి వంగింది.

“తప్పేం లేదమ్మా. ఈ పక్కన చోటు ఖాళీగా ఉంది. ఈయన సంతకం కూడా పడితే బాగుంటది.”

“దీనికి మతిపోయింది! ఉన్న రెండట్టలూ తిన్నావు గదే!” నాంచారయ్య లేచి నిలబడ్డాడు. “పైగా నాకు రాయడం ఎక్కడొచ్చు? ఊరందరికీ నేసేటోడికి చీర మీద సంతకమేందే?”

“రాయడం రాకపోతే ఏలు లేదా? ఏలు పెట్టు.”

భద్రావతమ్మ స్టాంపు ప్యాడు తెచ్చింది. నాంచారయ్య బొటనవేలు సిరాలో అద్ది, కాగితం మీద ఒత్తాడు. నలభై ఎనిమిదేళ్ళు పోగులు రాసుకుని రాసుకుని ఆ వేలి గీతలు సగం అరిగిపోయాయి. భద్రావతమ్మ సాయంత్రం దాకా కూర్చుని ఆ ఉన్న గీతల్ని ఒక్కొక్కటే పోగుల్లోకి దించింది. “ఇది హంస కన్నా కష్టం బాబాయ్” అందట.

మర్నాడు పొద్దున నాలుగు వందల ఎనభై అట్టలూ పెట్టారు. ఎనిమిది మంది పిల్లలు, నాలుగు గంటలు. నేను కూర్చున్నాను, ఎప్పటిలాగే. కానీ ఈసారి చెవులు తెరిచి కూర్చున్నాను. కూర్చోవడం అంత కష్టమైన పనని అప్పటిదాకా నాకు తెలియదు. ప్రతి సూది చప్పుడుకీ ఎవరో పిలిచినట్టు ఉలిక్కిపడ్డాను. ఎవరూ పిలవలేదు. ఆఖరి అట్ట పడింది. ఒక్కటి కూడా మిగల్లేదు.

షష్టిపూర్తి అయిన మూడో రోజు, నేనెవరిదో పెళ్ళిచీరకి కొత్త కొలత అట్టలు కొట్టిస్తున్నాను. రెండు మీటలు పడ్డాయి. పిల్లకి చెప్పాను, సూదులు లేచాయి, “ఆగాను. చెప్పండి.” అన్నాను.

భద్రావతమ్మ పక్కగదిలోంచి పరిగెత్తుకొచ్చింది. “ఏమైంది పిన్నీ? ఎక్కడ తప్పు?”

మాణిక్యమ్మ కొత్తచీరతో నా తెర ముందు నిలబడి, పైటకొంగు రెండు చేతులా పరిచి పట్టుకుని ఉంది. సంతకం, దాని పక్కన అరిగిన వేలిముద్ర.

“తప్పేం లేదమ్మా. వీడికి చూపిద్దామని ఆపా.”

“వాడికి కళ్ళు లేవు పిన్నీ.”

“చెవులూ లేవన్నారుగా మొన్నటిదాకా” అంది మాణిక్యమ్మ. ఇంకా కాసేపు అలాగే పట్టుకుని నిలబడింది.